ఖగోళ పరిశోధనకు ఎంత ప్రోగ్రామింగ్ కావాలి, దేనితో మొదలుపెట్టాలి?

#1 రోహిణి_ఓరుగల్లు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఖగోళ భౌతికశాస్త్రంలో పరిశోధన చేయాలని నా కోరిక. ప్రవేశ పరీక్షల కోసం క్వాంటం మెకానిక్స్, విద్యుదయస్కాంత సిద్ధాంతం ఎలాగూ చదువుతున్నాను కాబట్టి వాటి గురించి అడగడం లేదు. నా సందేహమంతా కంప్యూటర్ పని గురించే. మా కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ అంటే సీ భాషలో న్యూటన్-రాఫ్సన్, రుంగె-కుట్టా పద్ధతులకు ప్రోగ్రాములు రాసి, రికార్డు మీద సంతకం పెట్టించుకోవడంతో సరిపోతుంది. నిజమైన టెలిస్కోపు నుంచి వచ్చిన డేటాను ఇంతవరకు తెరిచి చూసింది లేదు.

ముందు డీప్ లెర్నింగ్ (ఉదాహరణల నుంచి యంత్రమే నేర్చుకునే పద్ధతి) నేర్చుకుంటే మిగతావన్నీ వాటంతటవే వస్తాయని ఒక సీనియర్ అంటున్నారు. ఫోర్‌ట్రాన్ రానిదే ఖగోళ శాస్త్రంలో అడుగు పెట్టలేమని మరొకరు అంటున్నారు. నా దగ్గర ఉన్నది 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్. ఈ వేసవిలో ఏది నేర్చుకుంటే ఉపయోగమో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

#2 పాత_దుర్భిణి

రోహిణి గారూ, అన్నిటికంటే ముందు ఒక ఫైలును చదవడం నేర్చుకోండి. ఈ మాట హాస్యానికి అనడం లేదు.

టెలిస్కోపు చిత్రాలు నేటికీ ఎక్కువగా ఫిట్స్ అనే రూపంలోనే దొరుకుతాయి. ఆ రూపాన్ని వివరించిన పత్రం 1981లో వచ్చింది. ఫైలు మొదట్లో ఉండే శీర్షికలో ఒక్కో పంక్తికి సరిగ్గా 80 అక్షరాలు ఉంటాయి. అది రంధ్రాల కార్డుల కాలం నుంచి వచ్చిన కొలత. అలాంటి 36 పంక్తులు కలిస్తే 2880 బైట్ల ఒక దిమ్మ అవుతుంది. ఎంతసేపు కాంతిని సేకరించారు, ఏ ఫిల్టరు వాడారు, గడియారం చూపిన సమయం సేకరణ ఆరంభానిదా మధ్యదా, ఒక్కో అంకెకు ఎన్ని ఎలక్ట్రాన్లు అన్న వివరాలన్నీ ఆ పంక్తులలోనే ఉంటాయి. విద్యార్థులు చాలామంది వాటిని దాటేసి నేరుగా బొమ్మ చూడటానికి తొందరపడతారు. బొమ్మ చూడటం వల్ల మీకు తెలిసేది చాలా తక్కువ.

ఇంకొక చిన్న ఉదాహరణ చెబుతాను. సీసీడీ (టెలిస్కోపు కెమెరాలో కాంతిని పట్టే చిప్) చిత్రాలను సాధారణంగా 16 బిట్ల పూర్ణాంకాలుగా భద్రపరుస్తారు. మొదటి పనిగా బయాస్ ఫ్రేమును, అంటే కాంతి పడకుండా తీసిన ఖాళీ చిత్రాన్ని, అందులోంచి తీసివేయాలి. ఒక చీకటి పిక్సెలులో 1000 ఉండి, బయాస్‌లో 1003 ఉంటే, జవాబు మైనస్ 3 రావాలి. కానీ రుణ సంఖ్యలు లేని 16 బిట్ల లెక్కలో ఆ జవాబు 65,533 అవుతుంది. చిత్రంలోకెల్లా చీకటిగా ఉండవలసిన పిక్సెలు అన్నిటికంటే వెలుగైన నక్షత్రంలా కనిపిస్తుంది, పైథాన్ మాత్రం నోరు మెదపదు. సంఖ్యలు యంత్రంలో ఏ రూపంలో కూర్చున్నాయో తెలిసినవారు ముందుగానే వాటిని ఫ్లోటుగా మార్చుకుని తీసివేస్తారు.

మా తరం ఐరాఫ్ అనే సాఫ్ట్‌వేరుతో ఈ పనులన్నీ చేసింది. 1980ల నుంచి అమెరికాలో అభివృద్ధి చేసిన ఐరాఫ్‌ను తయారుచేసిన సంస్థే 2013 తర్వాత కొనసాగించలేదు. దాని స్థానంలోకి 2011లో మొదలైన ఆస్ట్రోపై అనే పైథాన్ ప్యాకేజీ వచ్చింది. కాబట్టి భాష ఏది అని అడిగితే నా జవాబు పైథాన్. విశ్వం నమూనాలను సూపర్ కంప్యూటర్ల మీద నడిపేవారికి సీ, సీ ప్లస్ ప్లస్, ఫోర్‌ట్రాన్ అవసరం ఇప్పటికీ ఉంది. ఆ దారిలోకి వెళ్లినప్పుడు వాటిని నేర్చుకోవచ్చు.

#3 కోడు_కూలీ

నేను హైదరాబాదులో డేటా ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఖగోళం నాకు ఆదివారాల వ్యాపకం. పాత_దుర్భిణి గారి మీద గౌరవం ఉంచుకుంటూనే ఒక మాట చెప్పాలి. ఒక్కొక్క ఫైలునూ తెరిచి శీర్షిక చదివే రోజులు వెళ్లిపోతున్నాయి.

చిలీలోని సెర్రో పచోన్ కొండ మీద ఉన్న వేరా రూబిన్ అబ్జర్వేటరీ తొలి చిత్రాలను 2025 జూన్‌లో విడుదల చేసింది. దాని అద్దం వ్యాసం 8.4 మీటర్లు, కెమెరాలో 320 కోట్ల పిక్సెళ్లు. పిక్సెలుకు రెండు బైట్లు వేసుకున్నా ఒక్క చిత్రమే 6.4 గిగాబైట్లు. రాత్రికి సుమారు 20 టెరాబైట్లు. ఆకాశంలో ఏదైనా మారినా, కదిలినా చిత్రం తీసిన 60 సెకన్ల లోపు ఒక హెచ్చరిక పంపాలన్నది దాని లక్ష్యం, అటువంటి హెచ్చరికలు రాత్రికి కోటి వరకు ఉండవచ్చని దాని అంచనా. అందులో ఏది సూపర్‌నోవా, ఏది గ్రహశకలం, ఏది కెమెరా లోపం అన్నది మనుషులు కూర్చుని తేల్చగలరా? యంత్రాలకు నేర్పించి తీరాలి. అందువల్ల రోహిణి గారి మొదటి సీనియర్ చెప్పినదానిలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. యంత్ర అభ్యసనం రాని ఖగోళ శాస్త్రవేత్త వచ్చే పదేళ్లలో ఇతరులు జల్లెడ పట్టి ఇచ్చినవాటి మీదే ఆధారపడవలసి వస్తుంది.

#4 లెక్కల_మాస్టారు

కోడు_కూలీ గారు చెప్పిన అంకెలు సరైనవే, అవసరం కూడా నిజమే. కానీ ఆ అంకెల నుంచి "ముందు డీప్ లెర్నింగ్" అన్న నిర్ణయం ఎలా వస్తుందో నాకు అర్థం కాలేదు.

కెప్లర్-90 నక్షత్రం చుట్టూ ఎనిమిదో గ్రహాన్ని న్యూరల్ నెట్‌వర్క్ కనిపెట్టిందని 2017 డిసెంబరులో పత్రికలన్నీ రాశాయి. గూగుల్ ఉద్యోగి క్రిస్టఫర్ షాల్యూ, ఖగోళ శాస్త్రవేత్త ఆండ్రూ వాండర్‌బర్గ్ కలిసి చేసిన పని అది. ఆ నెట్‌వర్కుకు పాఠం చెప్పడానికి వాడినవి కెప్లర్ టెలిస్కోపు పంపిన 15,000 సంకేతాలు. వాటిలో ఏది నిజమైన గ్రహం, ఏది జంట నక్షత్రం, ఏది యంత్రం రొద అని అంతకుముందే ఏళ్ల తరబడి మనుషులు పరిశీలించి పేర్లు పెట్టి ఉంచారు. ఆ వర్గీకరణ తప్పయితే నెట్‌వర్కు నేర్చుకునేది కూడా ఆ తప్పునే, అదీ మహా నమ్మకంగా. మొదట సంకేతాన్ని తన కళ్లతో గుర్తుపట్టగలిగినవారే యంత్రానికి నేర్పగలరు.

నా దృష్టిలో అసలు కొరత గణాంకశాస్త్రంలో ఉంది. మన ఎమ్మెస్సీ విద్యార్థులు బోస్-ఐన్‌స్టీన్ గణాంకాలు చక్కగా రాస్తారు, కానీ తాము కొలిచిన కొలతకు అనిశ్చితి ఎంత అని అడిగితే తడబడతారు. నక్షత్రాల స్థానాలు, దూరాలు కొలిచిన గైయా ఉపగ్రహం పట్టికను తెరిచిన ప్రతి విద్యార్థీ ఎదుర్కొనే సమస్య ఒకటి ఉంది. నక్షత్రం దూరం కావాలంటే పారలాక్స్‌తో (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం స్థానంలో కనిపించే చిన్న కోణ మార్పుతో) ఒకటిని భాగించమని పాఠ్యపుస్తకం చెబుతుంది. పట్టికలో కోట్ల నక్షత్రాలకు పారలాక్స్ రుణ సంఖ్యగా ఉంటుంది. రుణ దూరం ఉండదు కదా అని విద్యార్థి ఆ వరుసలన్నీ తీసిపారేస్తాడు. అక్కడే లెక్క చెడిపోతుంది.

#5 రోహిణి_ఓరుగల్లు

మాస్టారూ, అక్కడ లెక్క ఎలా చెడిపోతుందో కొంచెం వివరించగలరా? రుణ పారలాక్స్ అంటే తప్పు కొలత అనే కదా అర్థం? ఇంకొక ప్రశ్న: గైయా పట్టికలో 180 కోట్ల వరుసలు ఉన్నాయని చదివాను. నా ల్యాప్‌టాప్‌తో దాని జోలికి వెళ్లగలనా?

#6 లెక్కల_మాస్టారు

తప్పు కొలత అని అర్థం కాదు. చాలా దూరంలో ఉన్న ఒక నక్షత్రం అసలు పారలాక్స్ 0.1 మిల్లీ ఆర్క్ సెకను (ఒక మిల్లీ ఆర్క్ సెకను అంటే డిగ్రీని 36 లక్షల భాగాలు చేస్తే ఒక భాగం) అనుకోండి. కొలతలో అనిశ్చితి 0.3 అనుకోండి. అలాంటి నక్షత్రాలు వెయ్యి ఉంటే, కొలిచిన విలువలు 0.1కి అటూ ఇటూ పరుచుకుంటాయి, వాటిలో మూడో వంతుకు పైగా సున్నా కంటే కిందికి పడతాయి. ఆ నక్షత్రాలన్నిటికీ సగటు తీస్తే 0.1 దగ్గరకే వస్తారు. కిందికి పడ్డవాటిని పారేసి మిగిలినవాటికే సగటు తీస్తే, రొద పైకి నెట్టిన నక్షత్రాలను మాత్రమే ఉంచుకున్నట్టు అవుతుంది. సగటు పెరుగుతుంది, నక్షత్రాలన్నీ ఉన్నదానికంటే దగ్గరగా ఉన్నాయని మీ పరిశోధన పత్రం చెబుతుంది. రుణ పారలాక్స్ కూడా ఒక సమాచారమే, "ఈ నక్షత్రం దూరంగా ఉంది" అని అది చెబుతోంది. దాన్ని ఉపయోగించుకోవాలంటే సంభావ్యత భాషలో ఆలోచించాలి, కొత్త సమాచారంతో సంభావ్యతను సవరించే బేయస్ సూత్రం తెలియాలి.

మరొక సంగతి. క్వేజార్లు (సుదూర గెలాక్సీల అతి వెలుగైన కేంద్రాలు) ఎంతో దూరంలో ఉంటాయి కాబట్టి వాటి పారలాక్స్ సున్నా ఉండాలి. గైయా మూడో విడుదలలో వాటి మధ్యస్థ విలువ మైనస్ 0.017 మిల్లీ ఆర్క్ సెకను వచ్చింది. అంటే కొలబద్ద సున్నాయే కొద్దిగా జరిగి ఉందన్న మాట. ఇటువంటి సున్నితమైన వంకరను ఎంత పెద్ద న్యూరల్ నెట్‌వర్కయినా తనంతట తాను మీకు చెప్పదు. రెండో ప్రశ్నకు జవాబు నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

#7 ఆరిజోనా_తెలుగు

రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను. నా ఉద్యోగమే ఖగోళ డేటాబేసుల నిర్వహణ.

రోహిణి గారూ, ముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. 180 కోట్ల వరుసలు, ఒక్కో సంఖ్యకు 8 బైట్లు. ఒక్క నిలువు వరుసే 14.4 గిగాబైట్లు అవుతుంది. మీ ర్యామ్‌లో అది పట్టదు, పట్టికలో అటువంటి నిలువు వరుసలు నూట యాభైకి పైగా ఉన్నాయి. ఏ పనికైనా ముందు ఈ గుణకారం వేసుకునే అలవాటు ఉన్నవారు సగం కష్టాలు తప్పించుకుంటారు. కాబట్టి డేటాను మన దగ్గరకు తెచ్చుకోము. మన ప్రశ్ననే డేటా ఉన్న చోటికి పంపుతాము. దానికి కావలసింది డేటాబేసులను ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్. ఖగోళ అవసరాల కోసం, అంటే ఆకాశంలో ఒక బిందువు చుట్టూ ఇంత వ్యాసార్ధంలో ఉన్నవాటిని అడగడం వంటి వాటి కోసం, దానికి కొద్దిగా చేర్పులు చేసిన ఏడీక్యూఎల్ ఉంది. స్లోన్ అనే ఆకాశ సర్వే పట్టికలను ఎస్‌క్యూఎల్‌తో అందరికీ తెరిచినప్పటి నుంచి, దాని వెనుక కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే, ఖగోళ శాస్త్రవేత్త అలెక్స్ సలాయ్ చేసిన కృషి నుంచి, మా రంగం ఈ దారినే నడుస్తోంది.

వేసవికి ఒకే ఒక అభ్యాసం ఇస్తాను, ఇది పూర్తయితే చాలా వస్తుంది. కృత్తికలు మనకు తెలిసినవే. ఆ సమూహం కేంద్రం విషువాంశం 56.75 డిగ్రీలు, క్రాంతి 24.12 డిగ్రీలు (ఇవి ఆకాశంలో రేఖాంశం, అక్షాంశం లాంటివి). గైయా ఆర్కైవ్‌లో ఆ బిందువు చుట్టూ 2 డిగ్రీల వ్యాసార్ధంలో, పారలాక్స్ 5 కంటే ఎక్కువ ఉన్న నక్షత్రాలను అడగండి. స్థానం, పారలాక్స్, రెండు దిశలలో స్వీయ చలనం (ఆకాశంలో నక్షత్రం ఏడాదికి జరిగే కోణం), వాటి అనిశ్చితులు, ప్రకాశం, రంగు మాత్రమే తెచ్చుకోండి. వచ్చే ఫైలు మీ హాట్‌స్పాట్‌కు భారం కాదు.

ఇప్పుడు స్వీయ చలనాలను ఒక గ్రాఫు మీద చుక్కలుగా పెట్టండి. వెనుక ఉన్న నక్షత్రాలు చెల్లాచెదరుగా పరుచుకుంటాయి. తూర్పు దిశలో ఏడాదికి 20, ఉత్తర దిశలో మైనస్ 45 మిల్లీ ఆర్క్ సెకన్ల దగ్గర ఒక చిక్కటి ముద్ద కనిపిస్తుంది. అవి కలిసి పుట్టి కలిసి ప్రయాణం చేస్తున్న కృత్తికలు. వాటి పారలాక్స్ 7.4 దగ్గర గుమిగూడుతుంది, అంటే దూరం సుమారు 135 పార్సెక్కులు, దాదాపు 440 కాంతి సంవత్సరాలు. ఆ ముద్దలోని నక్షత్రాలను మాత్రమే తీసుకుని రంగుకు ఎదురుగా ప్రకాశం గీస్తే హెచ్ఆర్ చిత్రం వస్తుంది. మొత్తం పని ఒక జూపిటర్ నోట్‌బుక్‌లో (కోడు, గ్రాఫులు ఒకే చోట ఉంచే సాధనంలో) అయిపోతుంది.

మీ పేరున్న రోహిణి నక్షత్రం అక్కడికి దగ్గరలోనే ఉంది కానీ గైయాకు అతి ప్రకాశవంతమైన నక్షత్రాలతో ఇబ్బంది, దాన్ని వెతుకుతూ కాలం వృథా చేసుకోకండి.

#8 తరంగం_పుణె

ఇంతవరకు అందరూ చిత్రాలు, పట్టికల గురించే మాట్లాడారు. రేడియో ఖగోళంలో చిత్రం అనేదే లెక్క వేసి పుట్టించవలసిన వస్తువు. పుణె దగ్గర ఖోదాద్‌లోని జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపులో 45 మీటర్ల వ్యాసం ఉన్న 30 యాంటెన్నాలు ఉన్నాయి. ఏ రెండింటిని జత చేసినా ఒక కొలత వస్తుంది, మొత్తం 435 జతలు. ప్రతి జతా ఆకాశపు ఫూరియే రూపాంతరంలో (చిత్రాన్ని తరంగాల మొత్తంగా రాసే రూపంలో) ఒక బిందువును కొలుస్తుంది. ఆ కొలతల నుంచి చిత్రం రావాలంటే ఫూరియే విశ్లేషణ చేతివేళ్ల మీద ఉండాలి. మొబైల్ టవర్లు, విద్యుత్ తీగల నుంచి వచ్చే అంతరాయాన్ని గుర్తించి తొలగించాలి. ఆ పైన అయనావరణం (వాతావరణం పైభాగంలోని విద్యుదావేశ పొర) తరంగాలను వంచిన వంపును సరిచేయాలి.

సాఫ్ట్‌వేరు ఎంత మార్పు తెస్తుందో చూపే ఉదాహరణ ఈ టెలిస్కోపుకే చెందింది. టీజీఎస్ఎస్ అనే సర్వే కోసం 2010 నుంచి 2012 వరకు 150 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఆకాశాన్ని పరిశీలించారు. ఆ ముడి డేటా ఆర్కైవ్‌లో ఉండిపోయింది. అయనావరణ ప్రభావాన్ని దిశను బట్టి సరిచేసే కొత్త పైప్‌లైన్‌తో (డేటాను దశలవారీగా సంస్కరించే ప్రోగ్రాముల వరుసతో) మరొక బృందం ఆ డేటా మొత్తాన్నీ తిరిగి సంస్కరించి 2016లో విడుదల చేసింది. ఆకాశంలో 90 శాతం, సుమారు 6 లక్షల 20 వేల రేడియో మూలాలు అందులో ఉన్నాయి. యాంటెన్నా ఒక్కటి కూడా కొత్తగా కట్టలేదు. పాత పరిశీలనలకు కొత్త ప్రోగ్రాములు తోడయ్యాయి, అంతే.

మా దగ్గరకు వచ్చే విద్యార్థులలో నేను చూసే లోటు చాలా సాధారణమైనది. లినక్స్ టెర్మినల్ అంటే భయం. వేరే ఊరిలో ఉన్న సర్వరులోకి లాగిన్ అవడం, ఆరు గంటలు నడవాల్సిన పనిని క్యూలో పెట్టడం, కనెక్షన్ తెగినా పని ఆగకుండా చూసుకోవడం, డిస్కు నిండిపోతోందని ముందే గమనించడం ఏ పాఠ్యప్రణాళికలోనూ లేవు. మొదటి ఆరు నెలలు వీటితోనే గడిచిపోతాయి. రోహిణి గారూ, ల్యాప్‌టాప్‌లో ఈ రోజే లినక్స్ వేసుకోండి, విండోస్ ఉంచుకుని దాని లోపలైనా సరే. భారతదేశం ఇప్పుడు స్క్వేర్ కిలోమీటర్ యారే ప్రాజెక్టులో భాగస్వామి. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలలో కడుతున్న ఆ టెలిస్కోపులు పూర్తయితే ఏడాదికి సుమారు 700 పెటాబైట్లు భద్రపరచవలసి వస్తుందని అంచనా. ఆ డేటాను ఎవరూ పెన్‌డ్రైవులో ఇంటికి తీసుకువెళ్లరు.

#9 కోడు_కూలీ

మాస్టారు, తరంగం గారు చెప్పినవి చదివాను. గణాంకశాస్త్రం ముందు రావాలన్న మాటకు నా అభ్యంతరం లేదు. కానీ హెచ్చరికల ప్రవాహం విషయంలో నా వాదన అలాగే ఉంది. అమెరికాలో పాలొమార్ అబ్జర్వేటరీ నడిపే జ్వికీ సర్వే 2018 నుంచే రాత్రికి లక్షల్లో హెచ్చరికలు పంపుతోంది. అవి కాఫ్కా అనే సాధనం ద్వారా, మా కంపెనీలలో బ్యాంకు లావాదేవీలు ప్రవహించే తీరులోనే ప్రవహిస్తాయి. సూపర్‌నోవా పేలిన మొదటి కొన్ని గంటల వెలుగు కావాలంటే నిర్ణయం నిమిషాలలో జరగాలి. అక్కడ వర్గీకరణ యంత్రం చేయవలసిందే, ఆ యంత్రాన్ని అర్థం చేసుకున్నవారు ఖగోళ శాస్త్రవేత్తలలోనే ఉండాలి.

ఇంకొక మాట సూటిగా చెప్పాలి. నేను చూసిన పరిశోధన కోడులో చాలావరకు ఎవరికీ చూపించదగినది కాదు. ఫైలు పేర్లు చూస్తే ఫైనల్, ఫైనల్2, అసలు_ఫైనల్ అని ఉంటాయి. ఏ వెర్షన్‌తో ఏ గ్రాఫు వచ్చిందో రాసినవారికే గుర్తుండదు. కోడులో ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ నేర్చుకోవడానికి రెండు వారాలు చాలు. ప్రతి ఫంక్షనుకూ జవాబు ముందే తెలిసిన ఒక చిన్న పరీక్ష రాయడానికి పది నిమిషాలు చాలు. పేరు చెప్పను గానీ ఒక సంస్థలో, మంచి పైప్‌లైన్ రాసిన యువకుడికి పత్రాల సంఖ్య తక్కువగా ఉందని ఉద్యోగం నిరాకరించారు, అతని పైప్‌లైన్ లేకుండా ఆ పత్రాలేవీ వచ్చేవి కావు. ఈ ధోరణి మారకుండా విద్యార్థులకు మంచి కోడు రాయమని చెప్పడం ఎంతవరకు న్యాయమో పెద్దలు ఆలోచించాలి.

#10 పాత_దుర్భిణి

కోడు_కూలీ గారి చివరి ఫిర్యాదు న్యాయమైనది. దానికి నా దగ్గర జవాబు లేదు. పని వివరాలు రాసిపెట్టడం గురించి మాత్రం మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్పగలను.

1887లో ప్యారిస్‌లో మొదలైన ఆకాశ పట ప్రణాళికలో ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీకి దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. గాజు ప్లేట్ల మీద ఆకాశాన్ని ఫోటో తీసి, సూక్ష్మదర్శినితో ఒక్కో నక్షత్రం స్థానాన్ని చేత్తో కొలిచి, సంపుటాలుగా అచ్చు వేశారు. ప్రపంచమంతటా అచ్చయిన ఆ సంపుటాలలోని అంకెలను తరువాత కంప్యూటర్లలోకి ఎక్కించి ఏసీ 2000 అనే పట్టిక తయారుచేశారు. 2000 సంవత్సరంలో వచ్చిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రాల స్వీయ చలనాలను లెక్కించడానికి ఆ పాత స్థానాలు ఆధారమయ్యాయి. ప్లేటు ఏ తేదీన తీశారు, దాని కేంద్రం ఎక్కడ, కొలతల ప్రమాణం ఏది అన్నవి ఆనాడు రాసిపెట్టకపోతే బేగంపేటలో చేసిన ఆ శ్రమ ఎందుకూ పనికి వచ్చేది కాదు. గిట్ పేరు వారు వినలేదు గానీ పని మాత్రం అదే.

ఇక కాలం లెక్క గురించి ఒక మాట. మనవాళ్లు దీన్ని తేలికగా తీసుకుంటారు. 1991లో ఒక బ్రిటిష్ బృందం పీఎస్ఆర్ బీ1829-10 అనే పల్సరు (గడియారంలా క్రమంగా రేడియో స్పందనలు పంపే మృత నక్షత్రం) చుట్టూ ఆరు నెలలకొకసారి తిరిగే గ్రహం ఉందని ప్రకటించింది. ఆరు నెలలు అనగానే భూమి కక్ష్య మీద అనుమానం రావాలి. పల్సరు స్థానం కచ్చితంగా తెలియకపోవడం వల్ల భూమి దీర్ఘవృత్త కదలిక సవరణలో కొంత మిగిలిపోయి, అదే గ్రహంలా కనిపించింది. 1992 జనవరిలో ఆ బృందంలోని ఆండ్రూ లైన్ ఖగోళ శాస్త్రవేత్తల సభ ముందు నిలబడి ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు, సభ చప్పట్లతో ఆయనను గౌరవించింది. అదే నెలలో ఖగోళ శాస్త్రవేత్తలు వోల్షాన్, ఫ్రెయిల్ మరొక పల్సరు చుట్టూ నిజమైన గ్రహాలను ప్రచురించారు. అంటే ఒకే పద్ధతి ఒక చోట లేని గ్రహాన్ని చూపింది, మరొక చోట ఉన్న గ్రహాన్ని చూపింది. తేడా అంతా సవరణలోనే ఉంది.

యంత్రంలో ఆ కాలాన్ని దాచే తీరు కూడా చూడండి. జూలియన్ తేదీ (ఖగోళంలో రోజులను ఒకే వరుసలో లెక్కించే సంఖ్య) ఇప్పుడు 24 లక్షల 60 వేలు దాటింది. దాన్ని 32 బిట్ల దశాంశ సంఖ్యగా దాస్తే, పక్కపక్కన ఉన్న రెండు విలువల మధ్య దూరం పావు రోజు. ఆరు గంటలలో ఏమి జరిగినా యంత్రానికి ఒకే క్షణం. 64 బిట్లతో ఆ దూరం సుమారు 40 మైక్రోసెకన్లకు తగ్గుతుంది. చాలా పనులకు అది చాలు, పల్సర్లకు చాలదు. అందుకే ఆస్ట్రోపైలో కాలాన్ని రెండు 64 బిట్ల సంఖ్యలుగా విడగొట్టి దాస్తారు.

#11 రోహిణి_ఓరుగల్లు

అందరికీ ధన్యవాదాలు. ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నాను, ఆరిజోనా_తెలుగు గారు చెప్పిన అభ్యాసం మొదలుపెట్టాను. ముద్ద సరిగ్గా చెప్పిన చోటే కనిపించింది, చాలా సంతోషం కలిగింది. పని చేస్తుండగా మూడు సందేహాలు వచ్చాయి.

మొదటిది, ముద్దకు హద్దు ఎక్కడ గీయాలి? చేత్తో వృత్తం గీస్తే వ్యాసార్ధం మార్చినప్పుడల్లా సభ్యుల సంఖ్య మారిపోతోంది. రెండోది, మసకగా ఉన్న ఎర్ర నక్షత్రాల వైపు వచ్చేసరికి హెచ్ఆర్ చిత్రంలో గీత వెడల్పయి, కొన్ని చుక్కలు ఎడమవైపుకు చెదిరిపోతున్నాయి. మూడోది, ప్రధాన గీతకు కొంచెం పైన, దానికి సమాంతరంగా మరొక పలుచని గీత ఉన్నట్టు అనిపిస్తోంది. అది నా భ్రమా?

#12 లెక్కల_మాస్టారు

మొదటి సందేహానికి నేను చెబుతాను. చేత్తో వృత్తం గీయడం మాని, నమూనా రాయండి. మీ గ్రాఫులో ఉన్నవి రెండు జనాభాలు: ఒకటి ఇరుకైన గాస్సియన్ ముద్ద, రెండోది వెడల్పయిన నేపథ్యం. రెండింటి మిశ్రమాన్ని డేటాకు సరిపోల్చితే, ప్రతి నక్షత్రానికీ అది కృత్తికలలోనిది అయ్యే సంభావ్యత వస్తుంది. ఒక నక్షత్రానికి 0.97, మరొకదానికి 0.4 రావచ్చు. ముద్ద వెడల్పుకు ఒక్కో నక్షత్రం కొలత అనిశ్చితిని కలపడం మరచిపోకండి, మసక నక్షత్రాలకు అది ఎక్కువ. దీనికి యాదృచ్ఛిక నమూనాలతో సంభావ్యతను లెక్కించే ఎమ్‌సీఎమ్‌సీ పద్ధతి వాడవచ్చు, ఎమ్‌సీ అనే పైథాన్ ప్యాకేజీ అందుకు బాగా పనికివస్తుంది. అయితే మొదటిసారి సంభావ్యత ఫంక్షనును మీరే స్వయంగా రాయండి, తర్వాతే ప్యాకేజీ వాడండి. కోడు_కూలీ గారికి సంతోషం కలిగించే సంగతి: ఇది కూడా యంత్ర అభ్యసనమే, అందులో మొదటి పాఠం.

#13 ఆరిజోనా_తెలుగు

రెండో సందేహానికి కారణం, గైయా నీలి, ఎరుపు ఫోటోమీటర్ల కొలతలు మసక ఎర్ర నక్షత్రాలకు నమ్మదగినవి కాకపోవడం. నీలి పట్టీలో వాటి వెలుగు బహు తక్కువ, నేపథ్య కాంతి మిగిలిపోతే నక్షత్రం ఉన్నదానికంటే నీలంగా కనిపిస్తుంది, అందుకే చుక్కలు ఎడమవైపుకు జరుగుతున్నాయి. నీలి కొలత మీద సంకేతానికీ రొదకీ నిష్పత్తి హద్దు ఒకటి పెట్టి చూడండి. అదే విధంగా రూవీ అనే నిలువు వరుస కూడా తెచ్చుకోండి. ఒకే నక్షత్రంగా భావించి వేసిన లెక్క కొలతలకు ఎంత బాగా సరిపోయిందో అది చెబుతుంది. 1.4 కంటే ఎక్కువ ఉన్నవాటిని చాలామంది అనుమానంతో చూస్తారు. అయితే వాటిని వెంటనే పారేయవద్దు, ఎందుకంటే వాటిలో చాలా వరకు జంట నక్షత్రాలు కావచ్చు.

దానితో మూడో సందేహానికి వస్తాను. మీరు చూసింది భ్రమ కాదు. ఒకే రంగు, ఒకే ప్రకాశం ఉన్న రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, గైయాకు విడివిడిగా కనిపించనంత దగ్గరగా ఉంటే, రంగు మారకుండా వెలుగు మాత్రం రెట్టింపవుతుంది. 2 అనే సంఖ్యకు సంవర్గమానాన్ని (ఆధారం 10) 2.5తో గుణించండి, 0.75 వస్తుంది. మీ పలుచని గీత ప్రధాన గీతకు అంతే ఎత్తులో ఉండాలి. కొలిచి చూడండి. పరమ ప్రకాశం (10 పార్సెక్కుల దూరంలో ఉంటే కనిపించే ప్రకాశం) కోసం అన్నిటికీ కలిపి 7.4 పారలాక్స్ వాడితే కనిపించే ప్రకాశం నుంచి 5.65 తీసివేస్తే సరిపోతుంది. ఒక్కో నక్షత్రానికి దాని సొంత పారలాక్స్ వాడి మరొకసారి గీసి, రెండు చిత్రాలలో ఏ గీత సన్నగా ఉందో చూడండి. ఎందుకలా వచ్చిందో మాస్టారి రుణ పారలాక్స్ వివరణ మళ్లీ చదివితే తెలుస్తుంది.

నోట్‌బుక్‌ను ఇక్కడ పంచుకునే ముందు పైథాన్, ఆస్ట్రోపై వెర్షన్లు, క్వెరీ పూర్తి పాఠం, దాన్ని నడిపిన తేదీ మొదటి గడిలోనే రాయండి. మేము మా యంత్రాల మీద నడిపి, మీ సభ్యుల జాబితాతో సరిచూస్తాము.